బోరు నీళ్ల ఊళ్లో కిటికీ అద్దాలు: ఇంట్లో ఉన్న సరుకులతోనే శుభ్రం చేసుకోవడం

హైదరాబాద్‌లో కిటికీ అద్దం ఎంత బాగా తుడిచినా, ఎండ పడగానే తెల్లటి చారలు, చుక్కలు బయటపడటం చాలా ఇళ్లలో జరిగేదే. వెంటనే స్ప్రే సీసాను తిట్టుకుంటాం. ఇంకో కంపెనీది తెస్తాం, పక్కింటివాళ్లు చెప్పిన చిట్కా కలుపుతాం, పాత పేపర్లు అరిగేదాకా రుద్దుతాం. చారలు మాత్రం పోవు. ఎందుకంటే చాలాసార్లు అవి మురికి చారలు కావు, మనం కడిగిన నీళ్లు వదిలి వెళ్లినవి.

ఈ ఊరి కింద ఉన్నది గ్రానైట్. బోరు నీళ్లు ఆ రాతి పగుళ్లలో నిలిచి నిలిచి కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని పైకి వస్తాయి. గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్లటి పొర, బకెట్ అంచున గరుకుగా తగిలే గార, కిటికీ మీది చుక్కలు, ఇవన్నీ ఒక తల్లి పిల్లలే. మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి వచ్చే నల్లా నీళ్లలో ఈ గోల చాలా తక్కువ. కానీ అపార్ట్‌మెంట్ సంపులో నల్లా నీళ్లు, బోరు నీళ్లు కలిసిపోతాయి, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కూడా తోడవుతాయి. ఇవాళ మన కుళాయిలో వచ్చేది ఏ నీళ్లో వాచ్‌మన్‌ని అడిగితే తప్ప తెలియదు.

తాగే నీటికి భారతీయ ప్రమాణాల ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన ఈ కాల్షియం, మెగ్నీషియం లవణాల లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా పర్వాలేదు. ఇది కడుపు కోసం పెట్టిన లెక్క. అద్దానికి 200 కూడా ఎక్కువే. తాగడానికి బాగానే ఉన్న నీళ్లు కిటికీ మీద ఎండితే మచ్చలు పడటానికి కారణం ఇదే.

అందుకే ఈ పని మొత్తాన్ని ఒక్క సూత్రం మీద నడిపించవచ్చు: మొదట ఏది వాడినా, చివర్లో అద్దం మీద ఎండేది ఎండిపోయాక ఏమీ మిగల్చనిదై ఉండాలి. వెనిగర్ ఆవిరైపోతుంది. స్పిరిట్ ఆవిరైపోతుంది. లవణాలు లేని నీళ్లూ అంతే. సబ్బు, వంట సోడా, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం), బోరు నీళ్లు మాత్రం పొర వదులుతాయి. మొదటి వాటిని చివరికి ఉంచుకోండి, రెండో వాటిని ముందే వాడేసి కడిగేయండి.

ముందు మంచి నీళ్లు పోగు చేసుకోండి

ఇల్లంతా కడగడానికి ప్రత్యేకమైన నీళ్లు అక్కర్లేదు. మురికి వదలగొట్టడానికి కుళాయి నీళ్లు చాలు. చివరి తుడుపుకు, స్ప్రేలో కలపడానికి మాత్రం రెండు మూడు లీటర్లు వేరుగా పెట్టుకోండి.

అన్నిటికన్నా చవకైనది ఏసీ నీళ్లు. ఏసీ పైపు నుంచి కారేది గాలిలోని తేమ చల్లబడి అయిన నీరు కాబట్టి లవణాలు దాదాపు ఉండవు. కాయిల్ మీది దుమ్ము కాస్త వస్తుంది, పల్చటి గుడ్డలో వడకడితే సరి. తాగడానికి పనికిరాదు, అద్దానికి మాత్రం దానంత మంచిది లేదు. వానాకాలపు ఉక్కలో బకెట్ తొందరగా నిండుతుంది, ఏప్రిల్ పొడి గాలిలో నింపడానికి రెండు మూడు రాత్రులు ఓపిక పట్టాలి.

ఏసీ లేకపోతే ఆర్వో నీళ్లు. ఇక్కడ ఒక జాగ్రత్త: ఆర్వో మెషిన్ పక్క పైపు నుంచి బయటకు వదిలే వృథా నీళ్లను చాలామంది పొదుపు కోసం ఇల్లు తుడవడానికి వాడతారు. మంచి అలవాటే. కిటికీ అద్దానికి మాత్రం అవి వద్దు. వడకట్టగా మిగిలిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి, బోరు నీళ్లకన్నా ఎక్కువ మచ్చలు పడతాయి.

ఈ రెండూ లేకపోతే కుళాయి నీళ్లను బాగా మరిగించి, చల్లార్చి, కదపకుండా ఉంచి పైన తేరిన నీళ్లు మాత్రం వంపుకోండి. లవణాల్లో కొంత భాగం గిన్నె అడుగున పేరుకుంటుంది. మొత్తం పోదు, తేడా మాత్రం కనిపిస్తుంది. వానలు పడే రోజుల్లో, మొదటి జల్లు దుమ్మును కడిగేశాక, డాబా మీద శుభ్రమైన బకెట్ పెడితే అసలు ఈ తిప్పలే ఉండవు.

మురికి ఏ రకమో చూడండి

అన్ని మురికులకూ ఒకే మందు వేస్తే సగం కిటికీలు బాగుపడతాయి, సగం ఇంకా పాడవుతాయి. చూసే పద్ధతి సులువు. అద్దం మీద రెండు చుక్కలు నీళ్లు వేయండి. శుభ్రమైన అద్దం మీద నీరు పల్చగా పరుచుకుంటుంది. ముత్యంలా గుండ్రంగా నిలబడితే పైన జిడ్డు పొర ఉన్నట్టే. తాలింపు పొగ, అగరుబత్తి పొగ, దోమల చక్రం, ప్లగ్గులో పెట్టే దోమల మందు, ఇవన్నీ కంటికి కనపడని జిడ్డును అద్దం మీద వదులుతాయి. పూజగది పక్క కిటికీ ఎంత తుడిచినా మసకగా ఉండటం అందుకే.

తర్వాత గోరుతో మెల్లగా గీకండి. గరుకుగా, గట్టిగా, తెల్లగా తగిలితే ఉప్పు గార. వేలికి అంటుకుని వచ్చేస్తే ఒట్టి దుమ్ము.

జిడ్డుకు క్షారం గానీ, నురగనిచ్చేది గానీ కావాలి, అంటే సబ్బు, వంట సోడా, కుంకుడు రసం. గారకు పులుపు కావాలి, అంటే వెనిగర్, నిమ్మ ఉప్పు. జిడ్డు మీద పులుపు పెద్దగా పని చేయదు. రెండూ ఉన్న వంటింటి కిటికీకి ముందు జిడ్డు తీసి, ఆ తర్వాతే గార పని పట్టాలి. జిడ్డు పొర కింద ఉన్న గారకు పులుపు అందదు.

తెచ్చుకోవాల్సినవి

తెల్ల వెనిగర్ ఒక సీసా. కిరాణా కొట్లో సింథటిక్ వెనిగర్ పేరుతో దొరికేది చాలు, అందులో దాదాపు 4 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. గోధుమ రంగుది వద్దు, దాని రంగు కూడా పొరే. నిమ్మ ఉప్పు వంద గ్రాములు, వంట సోడా, గిన్నెలు తోమే లిక్విడ్, మెడికల్ షాపులో స్పిరిట్. నిమ్మ ఉప్పు, కుంకుడుకాయలు టోకుగా కావాలంటే బేగంబజార్ వెళ్లొచ్చు, ఒక్క ఇంటికి మాత్రం వీధి చివర కొట్టు సరిపోతుంది.

రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక చేతి వైపర్, రెండు స్ప్రే సీసాలు, పాత టూత్‌బ్రష్, రంగులేసే బ్రష్ ఒకటి, రెండు బకెట్లు. మైక్రోఫైబర్ లేకపోతే బాగా ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె గానీ లుంగీ గానీ చింపుకోండి. కొత్త టవల్ నూగు వదులుతుంది. గుడ్డలను సువాసన కోసం వాడే ఫ్యాబ్రిక్ కండిషనర్‌లో ముంచి ఉంటే అవి అద్దానికి పనికిరావు, అందులోని మైనం లాంటి పదార్థం చారలు కొడుతుంది.

పాత పేపర్ సంగతి. అది పని చేస్తుంది, అబద్ధం కాదు. కాగితం నూగు వదలదు, తడి పీలుస్తుంది. కాకపోతే తెల్ల యూపీవీసీ ఫ్రేములకు సిరా అంటుకుంటుంది, చేతులు నల్లబడతాయి, నున్నటి రంగుల పేజీలు తడి సరిగా పీల్చవు. పాత చెక్క కిటికీలకు వాడుకోండి, కొత్త తెల్ల ఫ్రేములకు వద్దు.

ఐదు మిశ్రమాలు

మామూలు దుమ్ముకు: లీటరు నీళ్లలో గిన్నెల లిక్విడ్ మూడు చుక్కలు. చెంచా కాదు, చుక్కలు. నురగ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుంటాం గానీ, ఆ నురగ కడగడానికే తర్వాత అరబకెట్ నీళ్లు పడతాయి.

జిడ్డుకు: లీటరు గోరువెచ్చటి నీళ్లలో పెద్ద చెంచాడు వంట సోడా, ఐదు చుక్కల లిక్విడ్. లేదా పది పన్నెండు కుంకుడుకాయలు గింజలు తీసి రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, బాగా వడకట్టిన రసం. దోమల జాలీకి, కిటికీ చువ్వలకు కుంకుడు రసం నాకు చాలా నచ్చుతుంది, జిడ్డు వదులుతుంది, చేతులు మండవు. అద్దానికి మాత్రం అది రెండో వరసలోనే, దాని లేత గోధుమ రంగును రెండుసార్లు కడగాలి. వాడేటప్పుడు కంట్లో పడకుండా చూసుకోండి, తలంటు రోజు అందరం నేర్చుకున్న పాఠమే.

తుది స్ప్రేకు: ఒక గ్లాసు తెల్ల వెనిగర్, మూడు గ్లాసుల ఏసీ నీళ్లు. ఎక్కువ రోజులు తుడవని అద్దమైతే సగానికి సగం. వాసన పది నిమిషాల్లో పోతుంది, కిటికీ తెరిచే కదా ఉంటుంది.

గారకు: లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు. మొండి మచ్చలకు నీళ్లు కలపని వెనిగర్. నిమ్మకాయ రసం ఎందుకు కాదంటే, అందులో ఆమ్లంతో పాటు చక్కెర, పిప్పి కూడా ఉంటాయి, అద్దం బంకబంకగా అవుతుంది. చింతపండు ఇత్తడి చెంబుకు, అద్దానికి కాదు.

తొందరగా ఆరాల్సిన చోటికి: ఒక గ్లాసు స్పిరిట్, ఒక గ్లాసు ఏసీ నీళ్లు, పెద్ద చెంచాడు వెనిగర్. వానాకాలంలో గాలి తడిగా ఉన్నప్పుడు, లోపలి అద్దాలకు, అద్దం తలుపులకు ఇది బాగుంటుంది. స్పిరిట్ సీసా మీద ఏమేం కలిపారో చదవండి, నూనె లాంటివి ఉంటే వద్దు. చేతులకు రాసుకునే శానిటైజర్ అసలే వద్దు, అందులోని గ్లిజరిన్ జిడ్డుగా మిగులుతుంది. ఇది మండే ద్రవం, స్టవ్ వెలుగుతున్నప్పుడు గానీ, దీపం పక్కన గానీ వాడొద్దు.

ఇందులో వంట సోడా, వెనిగర్ కలిపిన మిశ్రమం లేదని మీరు గమనించే ఉంటారు. రెండూ కలిస్తే బుసబుసా పొంగుతుంది, చూడటానికి సరదాగా ఉంటుంది. ఆ పొంగు అయ్యాక మిగిలేది కాస్త ఉప్పు కలిసిన నీళ్లే. క్షారం పులుపును చంపేసింది, పులుపు క్షారాన్ని చంపేసింది. ఒకదాని తర్వాత ఒకటి వాడండి, మధ్యలో కడగండి.

ఇవి మాత్రం కలపకండి

బ్లీచింగ్ పౌడర్ గానీ, బట్టల బ్లీచ్ గానీ వెనిగర్‌తో, నిమ్మ ఉప్పుతో, బాత్రూమ్ యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అమోనియా ఉన్న అద్దాల స్ప్రేతో కలిస్తే ఇంకో రకం విషవాయువు. చిన్న బాత్రూములో తలుపు మూసుకుని ఈ పని చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. బకెట్ పాతదైతే అందులో ముందు ఏం పోశారో తెలుసుకుని, కడిగాకే వాడండి.

బాత్రూమ్ యాసిడ్‌తో అద్దం గార పోతుంది కదా అని అడుగుతారు. పోతుంది. దాంతో పాటు అల్యూమినియం ఫ్రేము మెరుపు, కింద బండ పాలిష్ కూడా పోతాయి. చాకలి సోడా గాఢమైన నీళ్లు కూడా అల్యూమినియాన్ని తింటాయి. అల్యూమినియం స్లైడింగ్ కిటికీలున్న ఇంట్లో ఈ రెండింటినీ కిటికీ దగ్గరికే రానివ్వకండి.

బండ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది మన ప్రాంతపు సమస్య. హైదరాబాద్ ఇళ్లలో కిటికీ గట్టుకు తాండూరు బండ, షాబాద్ బండ, కడప బండ వేయడం మామూలు. ఇవన్నీ సున్నపురాళ్లే. మార్బుల్ కూడా ఆ జాతిదే. అద్దం మీది గారను కరిగించే వెనిగరే కిందికి కారి ఈ బండను కూడా కరిగిస్తుంది. పాలిష్ పోయి తెల్లటి మరకలు పడతాయి, వాటిని తీయడానికి మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. గ్రానైట్ గట్టు అయితే భయం లేదు. మీది ఏదో తెలియకపోతే సున్నపురాయి అనుకునే పని చేయండి: గట్టు మీద ప్లాస్టిక్ కవర్, దాని మీద పాత టవల్ పరిచి, కారిన చుక్కను కారినట్టే తుడవండి.

పని వరస

ఎండ తగులుతున్న అద్దాన్ని ముట్టుకోకండి. నీళ్లు తుడిచేలోపే ఆరిపోతాయి, చారలు అక్కడే పుడతాయి. తూర్పు కిటికీలు సాయంత్రం, పడమటివి పొద్దున. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు కొడితే అద్దం పగిలే ప్రమాదం కూడా ఉంది.

మొదట పొడి పని. కర్టెన్లు తీసేయండి. చువ్వలు, ఫ్రేము, జాలీ మీద రంగుల బ్రష్‌తో దుమ్ము దులపండి. అద్దాన్ని మాత్రం పొడి గుడ్డతో రుద్దొద్దు. మన దుమ్ములో గ్రానైట్ నుంచి వచ్చిన ఇసుక రేణువులు ఉంటాయి, ఆ రేణువు అద్దం కన్నా గట్టిది. పొడిగా రుద్దితే సన్నటి గీతలు పడతాయి, అవి ఏ మందుతోనూ పోవు. రోడ్డు పక్క ఇళ్లలో, ఎదురుగా కడుతున్న బిల్డింగ్ ఉన్న చోట ఇది ఇంకా ముఖ్యం. ముందు నీళ్లు చల్లి దుమ్మును కిందికి జార్చాలి, ఆ తర్వాతే గుడ్డ తగలాలి.

తర్వాత జాలీ. వెల్క్రోతో అంటించినదైతే ఊడదీసి బాత్రూములో కుంకుడు రసంలో గానీ, సబ్బు నీళ్లలో గానీ అరగంట నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో ఒకవైపుకే రుద్ది, నీడన ఆరబెట్టండి. మడతలు పడే ప్లీటెడ్ జాలీని నానబెట్టొద్దు, బ్రష్‌తోనో వాక్యూమ్‌తోనో దులిపి తడి గుడ్డతో అద్దితే చాలు. ఫ్రేముకు బిగించిన జాలీ అయితే వెనకవైపు ఒక తడి గుడ్డ పట్టుకుని ముందువైపు బ్రష్ ఆడించండి, దుమ్మంతా గుడ్డలోకి వస్తుంది.

ఇక ట్రాక్. స్లైడింగ్ కిటికీలో అందరూ వదిలేసేది ఇదే. పొడి బ్రష్‌తో మట్టి, చచ్చిన పురుగులు ముందే తీసేయండి, నీళ్లు పోశాక తీయాలంటే బురదే. మూలల్లో టూత్‌బ్రష్‌తో సోడా నీళ్లు వేసి తోమండి. ట్రాక్ బయటి గోడ వైపు చిన్న రంధ్రాలు ఉంటాయి, వాన నీరు బయటికి పోవడానికి పెట్టినవి. చీపురు పుల్లతో వాటిని పొడిచి తెరవండి. తర్వాత ఒక గ్లాసు నీళ్లు ట్రాక్‌లో పోసి బయటికి పోతున్నాయో లేదో చూడండి. జూన్‌లో వాన నీరు హాల్లోకి వస్తోందని కిటికీ మేస్త్రీని పిలిచే ఇళ్లలో చాలావాటికి ఈ పుల్ల వైద్యమే సరిపోతుంది. తలుపు బిర్రుగా నడుస్తుంటే ట్రాక్‌లో కొబ్బరి నూనె పోయకండి, దుమ్ము అంటుకుని ముద్దవుతుంది. ఆరాక కొవ్వొత్తి ముక్కతో రెండుసార్లు గీస్తే చాలు.

ఫ్రేము తుడిచి, చివరికి అద్దం. వరస తిప్పి అద్దం ముందు తుడిస్తే ట్రాక్ మురికి మళ్లీ దాని మీదే చిందుతుంది.

అద్దం, వైపర్

మురికికి తగ్గ మిశ్రమంతో అద్దాన్ని పైనుంచి కిందికి తడిపి, మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా రుద్దండి. గుడ్డను సబ్బు నీళ్ల బకెట్‌లో ముంచే ముందు రెండో బకెట్ మామూలు నీళ్లలో జాడించండి. ఒకే బకెట్‌తో పని చేస్తే మూడో కిటికీకి వచ్చేసరికి పాత కిటికీ మురికినే కొత్త అద్దానికి పూస్తుంటాం.

కడిగాక తుది స్ప్రే కొట్టండి. వైపర్ పట్టుకునే ముందు అద్దం పై అంచున వేలెడు వెడల్పు పొడి గుడ్డతో ఆర్చండి. వైపర్ రబ్బరు పొడి చోట మొదలైతే పైనుంచి చుక్కలు కారవు. కొంచెం వాలుగా పట్టుకుని, ఒత్తిడి మారకుండా ఒకే లాగుడులో కిందికి తీసుకురండి. ప్రతి లాగుడుకూ రబ్బరు తుడవండి. తర్వాతి లాగుడు ముందుదాని మీద రెండు వేళ్ల మేర పడాలి. రబ్బరు అంచు చిట్లితే ప్రతిసారీ ఒకే చోట గీత పడుతుంది, అప్పుడు చేతిని కాదు, రబ్బరును మార్చాలి.

లోపలి వైపు నిలువుగా, బయటి వైపు అడ్డంగా లాగండి. తర్వాత ఎక్కడైనా చార కనిపిస్తే నిలువు చారైతే లోపలిది, అడ్డమైతే బయటిది. ఇది తెలియక చాలామంది లోపల ఉన్న చారకు బయట రుద్దుతూ కూర్చుంటారు. చివరగా అంచుల్లో మిగిలిన తడిని పొడి గుడ్డతో అద్దండి. మళ్లీ రెండు చుక్కల నీళ్ల పరీక్ష చేయండి. పరుచుకుంటే పని అయింది.

గార వదలకపోతే

టిష్యూ కాగితాన్ని నీళ్లు కలపని వెనిగర్‌లో ముంచి మచ్చల మీద అంటించండి. పదిహేను నిమిషాలు ఆరకుండా చూడండి, ఎండుతుంటే మళ్లీ చల్లండి. తర్వాత గిన్నెలు తోమే మెత్తటి స్పాంజితో గుండ్రంగా రుద్ది బాగా కడగండి. నిమ్మ ఉప్పు వాడితే కడగడం రెండుసార్లు, ఎందుకంటే అది ఎండి తనే తెల్ల పొరవుతుంది. ఒక్క దఫాలో పోకపోతే రెండో దఫా, మూడో దఫా. స్టీలు పీచు, ముగ్గు పిండి, ఇటుక పొడి వద్దు. లాంతరు చిమ్నీకి బూడిద నడిచింది గానీ, బూడిదలో ఇసుక పలుకు ఉంటే ఇంత పెద్ద అద్దం మీద ప్రతి గీతా కనిపిస్తుంది.

మూడు దఫాలైనా మారకపోతే, గోటికి గరుకుదనం కూడా తగలకపోతే, అది మచ్చ కాదు, అద్దమే దెబ్బతింది. మొక్కలకు పైపుతో నీళ్లు కొట్టే బాల్కనీ అద్దాలు, బాత్రూమ్ షవర్ అద్దాలు ఏళ్లు గడిస్తే ఇలాగే అవుతాయి. పాలిష్ పట్టేవాళ్లు కొంత మేర బాగు చేస్తారు, ఇంటి చిట్కాలతో మాత్రం కాదు. చేతులు నొప్పి పెట్టుకోకండి.

కొన్ని ప్రత్యేకమైన చోట్లు

బాత్రూమ్ వెంటిలేటర్ పలకల మీది మసక పొర, సబ్బు బోరు నీళ్లతో కలిసి గడ్డకట్టినది. వేడి వెనిగర్ నీళ్లు చల్లి పది నిమిషాలు ఆగితే లేస్తుంది. పలకలు ఊడి వస్తాయేమో చూడండి, వస్తే సగం కష్టం తప్పుతుంది.

కొత్త ఫ్లాట్‌లో అద్దాల మీద రంగు చుక్కలు, సిమెంట్ మరకలు, కంపెనీ స్టిక్కర్లు ఉంటాయి. స్టిక్కర్ బంకకు కొబ్బరి నూనె రాసి గంట ఆగి తుడిచి, తర్వాత లిక్విడ్‌తో జిడ్డు తీయండి. రంగు చుక్కను బాగా తడిపి, కొత్త బ్లేడును పడుకోబెట్టి ఒకే దిశలో తోయాలి, వెనక్కి లాగకూడదు. సిమెంట్ మరకను మాత్రం బ్లేడుతో గీకొద్దు, అందులోని ఇసుక అద్దాన్ని గీస్తుంది. వెనిగర్ టిష్యూతో నానబెట్టి మెత్తబరచండి.

పావురాల రెట్టను పొడిగా చిమ్మకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఉబ్బసం ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, సబ్బు నీళ్లు చల్లి పావుగంట నాననిచ్చి, పాత కాగితంతో ఎత్తి కవర్‌లో కట్టి పారేయండి. తర్వాతే అద్దం సంగతి.

ఎండ ఆపడానికి ఫిల్మ్ అంటించిన అద్దాలకు లోపలి వైపు స్పిరిట్, అమోనియా, బ్లేడు, గరుకు స్పాంజి ఏదీ వద్దు. మూడు చుక్కల సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే. కొత్తగా వేయించినదైతే కనీసం నెల రోజులు ముట్టుకోకండి.

పాత ఇళ్లలో లక్క పాలిష్ వేసిన టేకు కిటికీలుంటే స్పిరిట్ మిశ్రమం దూరంగా ఉంచండి. ఆ పాలిష్ కలిపేదే స్పిరిట్‌తో, మళ్లీ అదే తగిలితే కరిగి వచ్చేస్తుంది. అద్దం చుట్టూ పుట్టీ పెట్టిన ఇనుప కిటికీలకు వెనిగర్ అంచుల దాకా పారనివ్వొద్దు, ఆ పుట్టీలో ఉన్నది సుద్ద పొడే, పులుపుకు మెత్తబడి రాలిపోతుంది. ఇలాంటి చోట స్ప్రేను అద్దం మీద కాకుండా గుడ్డ మీద కొట్టండి.

పై అంతస్తుల్లో

గ్రిల్ లేని కిటికీ గట్టు మీద నిలబడటం, బయటి సజ్జ మీదికి దిగడం ఎవరూ చేయకూడదు. ఎవరూ అంటే ఇంట్లో పని చేసే అమ్మాయి కూడా. మనం చేయడానికి భయపడే పని ఆమెకు చెప్పకూడదు, ఎన్ని డబ్బులిచ్చినా. స్లైడింగ్ తలుపుల్లో కొన్నింటిని లోపలి నుంచే పైకెత్తి ట్రాక్ నుంచి తీయొచ్చు. బరువుగా ఉంటాయి, ఇద్దరుండాలి, మొదటిసారి మేస్త్రీ దగ్గరుంటే మేలు. తీయలేనివాటికి లోపల నిలబడి, పొడవు కర్రకు బిగించిన వంపు వైపర్‌తో అందినంత వరకే. రెండు వైపులా అయస్కాంతంతో పట్టుకునే తుడుపు పరికరాలు దొరుకుతాయి గానీ, మీ అద్దం మందానికి సరిపోయేవి, తాడు ఉన్నవే కొనండి. తాడు లేనిది జారితే కింద నడిచేవాళ్ల తల మీద పడుతుంది. అసలు అందని అద్దాలకు తాళ్లు, బెల్టులు ఉన్న మనుషులను సొసైటీ తరఫున ఏడాదికోసారి పిలిపించుకోవడమే పద్ధతి.

ఎప్పుడెప్పుడు

వంటింటి కిటికీ జిడ్డు పదిహేను రోజులకోసారి తీస్తే తేలిక, మూడు నెలలు వదిలితే ఆదివారం మొత్తం పోతుంది. మిగతా గదులకు నెలకోసారి తుది స్ప్రే, గుడ్డ చాలు. పెద్ద శుభ్రం ఏడాదికి రెండుసార్లు: మే చివర్లో ట్రాకులు, రంధ్రాలు ముఖ్యంగా, వానలు వెనక్కి తగ్గాక దసరా ముందో దీపావళి ముందో అద్దాలు ముఖ్యంగా. దీపావళికి తుడిచినా టపాకాయల పొగ మళ్లీ పడుతుంది కాబట్టి, లోపలి వైపు పండగ ముందు, బయటి వైపు పండగ తర్వాత చేసుకునే ఇళ్లున్నాయి. తెలివైన పని.

మిగిలిన మిశ్రమాలను కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టకండి, పిల్లలు తాగేస్తారు. స్ప్రే సీసా మీద మార్కర్‌తో తెలుగులో పేరు, కలిపిన తేదీ రాయండి. వెనిగర్ స్ప్రే రెండు నెలలైనా చెడదు. కుంకుడు రసం మాత్రం ఏ రోజుది ఆ రోజే, మర్నాటికి పులిసి వాసన కొడుతుంది, మొక్కల మొదట్లో కాకుండా మురుగు కాలువలో పారబోయండి.